గేట్‌వే పోయిందని కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది?

కర్నూలు, కడప పల్లెల్లో చాలామంది ఏ ఊరు పోవాలన్నా ముందు మెయిన్ రోడ్డు మీది క్రాసుకు రావాల్సిందే. మీసేవ కేంద్రంలోని కంప్యూటర్‌కు డిఫాల్ట్ గేట్‌వే అలాంటి క్రాసు. తన నెట్‌వర్క్‌లో లేని చిరునామా ఏదైనా సరే, ప్యాకెట్‌ను ముందు దానికే అప్పగిస్తుంది. గోడకు బిగించి మనం ‘బాక్సు’ అని పిలిచేది చాలాచోట్ల ఈ గేట్‌వేనే.

అది ఆగిపోతే? పక్కన ఇంకొకటి సిద్ధంగా ఉన్నా, మొదటిది పోయిందని తెలిస్తేనే కదా కంప్యూటర్ అటు మళ్లేది! 1982 జులైలో డేవిడ్ క్లార్క్ ఆర్‌ఎఫ్‌సీ 816 అనే పత్రంలో ఈ చిక్కును విప్పి చూశాడు. ‘ఉన్నావా’ అని గేట్‌వేను అస్తమానం అడగడం అందరికీ తోచే ఉపాయం. కానీ వందల కంప్యూటర్లు అదేపనిగా అడిగితే, జవాబులు చెప్పడానికే దాని సత్తువ అయిపోతుంది. అందుకే జరుగుతున్న పనిలోనే ఆధారం వెతకాలి. పంపిన డేటా చేరినట్టు, ఆ చేరవేతను చూసుకునే టీసీపీకి అవతలి నుంచి రసీదులు వస్తున్నాయంటే, దాన్ని మోసిన గేట్‌వే బతికే ఉంది. మళ్లీ మళ్లీ పంపినా రసీదు రాకపోతే అప్పుడు అనుమానించాలి. 1989 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1122 దీన్ని నియమంగానే రాసింది: గేట్‌వేను ఊరికే పింగ్ చేస్తూ, అంటే ‘ఉన్నావా’ అని అడుగుతూ, ఉండకూడదు; ప్యాకెట్లు పంపుతున్నప్పుడు, వేరే ఆధారం దొరకనప్పుడే చేయాలి. ఇంటర్నెట్ కట్టినవాళ్ల నిర్ణయాల్లో నాకు బాగా నచ్చేది ఇదే.

ఇంటర్నెట్ నియమాల కొత్త రూపమైన ఐపీవీ6 ఈ ఆలోచనకు గడువులు పెట్టింది. ఒకసారి రుజువు దొరికితే సుమారు 30 సెకన్లు నమ్ముతుంది. ఆ తర్వాత ప్యాకెట్ పంపాల్సి వస్తే 5 సెకన్లు కొత్త రుజువు కోసం చూసి, సెకనుకొకటి చొప్పున మూడుసార్లు అడుగుతుంది. పలక్కపోతే వేరే గేట్‌వే చూసుకుంటుంది. 1998లో వచ్చిన వీఆర్‌ఆర్‌పీ పద్ధతిలో కంప్యూటర్‌కు ఆ శ్రమా లేదు. గేట్‌వేలుగా పనిచేసే రెండు రూటర్లు ఒకే చిరునామాను పంచుకుంటాయి. పెద్దది సెకనుకోసారి తన ఉనికి చాటుతుంది. మూడు సెకన్లు దాటి చప్పుడు లేకపోతే రెండోది ఆ చిరునామా బాధ్యత ఎత్తుకుంటుంది.

మన దగ్గర అసలు తిప్పలు వేరే. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్ గ్రిడ్ తీగలను ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. ఈదురుగాలికి స్తంభం ఒరిగి, ఊరి బయట తీగ తెగిందనుకోండి. బాక్సు నిక్షేపంగా పలుకుతూనే ఉంటుంది. కంప్యూటర్ దృష్టిలో గేట్‌వేకు ఏమీ కాలేదు. 1బి, అడంగల్ అనే భూమి పత్రాల కోసం వచ్చిన రైతు మాత్రం బెంచీ మీద కూర్చునే ఉంటాడు. విండోస్ మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి చిన్న టెక్స్ట్ ఫైలు తెప్పించుకోబోయి, అది రాకపోతే ఇంటర్నెట్ లేదని చూపిస్తుంది. అంతేగానీ, తెగింది ఎక్కడో చెప్పలేదు.

అందుకే రెండు కనెక్షన్లు పెట్టుకున్న ఆఫీసులు రూటర్‌ను బాక్సు దాకా కాక, తీగ అవతల దూరంగా ఉన్న ఒకటి రెండు చిరునామాలను పరీక్షించేలా అమర్చుకోవాలి. ఆ అడిగే పని ఒక్క రూటరే చేస్తుంది కాబట్టి, క్లార్క్ భయపడిన భారం అక్కడ ఉండదు.