చిప్ మారినా ఫైలు తెరుచుకోవాలి

ఆపిల్ కంపెనీ తన మ్యాక్ కంప్యూటర్లలో ప్రాసెసర్ జాతినే ఇప్పటికి మూడుసార్లు మార్చింది. 1994లో మోటరోలా 68కె నుంచి పవర్‌పీసీకి, 2006లో పవర్‌పీసీ నుంచి ఇంటెల్‌కి, 2020లో ఇంటెల్ నుంచి సొంత చిప్‌లకి. మొదటిది నా చదువు రోజుల్లో జరిగింది. రెండోదాంట్లో నేనూ ఒక చెయ్యి వేశాను. అప్పట్లో హైదరాబాదులో ప్రింటింగ్ ప్రెస్సులకీ, డీటీపీ సెంటర్లకీ సాఫ్ట్‌వేర్ రాసే ఒక చిన్న కంపెనీలో నా ఉద్యోగం. స్కాన్ చేసిన బొమ్మల్ని ప్రింటుకి సిద్ధం చేసే ప్రోగ్రాం నా బాధ్యత. అందుకే కొత్త చిప్ వచ్చిందనగానే అందరూ వేగం గురించి మాట్లాడుకుంటుంటే, నాకు ముందుగా తోచేది ఒకటే: పాత ఫైళ్ల సంగతేమిటి?

ప్రాసెసర్‌కి మనం రాసే సి, సి ప్లస్ ప్లస్ లాంటి భాషలేవీ తెలియవు. ఈ రెండంకెలు కూడు, ఫలానా చోట పెట్టు, పెద్దదైతే అటు వెళ్లు అనే చిన్నచిన్న ఆదేశాలే తెలుసు. అవైనా దాని సొంత సంకేతాల్లో ఉండాలి. ఆ సంకేతాలూ, వాటి నియమాలూ కలిపితే ఆర్కిటెక్చర్. మనం రాసిన కోడ్‌ని కంపైలర్ ఆ సంకేతాల్లోకి మారుస్తుంది. పవర్‌పీసీ కోసం అలా తయారైన ప్రోగ్రాంని ఇంటెల్ చిప్ ముందు పెడితే దానికి ఒక్క ముక్క అర్థం కాదు.

మరి అంత తలనొప్పి ఎందుకు పెట్టుకున్నట్టు? 2003 జూన్‌లో పవర్‌పీసీ చిప్ పెట్టిన పవర్ మ్యాక్ జీ5ని చూపిస్తూ ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ ఏడాదిలో 3 గిగాహెర్ట్జ్ అందిస్తామని మాటిచ్చారు. రెండేళ్లు గడిచినా అది 2.7 దగ్గరే నిలిచిపోయింది. అసలు చిక్కు వేడితో. పైస్థాయి జీ5 డెస్క్‌టాప్‌లనే గొట్టాల్లో ద్రవం పారించి చల్లబరచాల్సి వచ్చింది. ఇక దాన్ని ల్యాప్‌టాప్‌లో ఇరికించే దారెక్కడిది? జనం ల్యాప్‌టాప్‌ల వైపు మళ్లుతున్న కాలమది. 2005 జూన్ 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో డెవలపర్ల ముందు జాబ్స్ చెప్పిన లెక్క ఇది: ఒక వాట్ కరెంటుకి పవర్‌పీసీ 15 పాళ్లు పనిచేస్తే, ఇంటెల్ మున్ముందు తేబోయే చిప్‌లు 70 పాళ్లు చేస్తాయి.

ఆ రోజు అందరినీ నివ్వెరపరిచింది ఈ లెక్క కంటే ఆ తర్వాత చెప్పిన సంగతి. అయిదేళ్లుగా మ్యాక్ ఓఎస్ టెన్ ప్రతి వెర్షన్‌నీ ఆపిల్ రహస్యంగా ఇంటెల్ మీద కూడా తయారుచేస్తూనే వచ్చింది. వేదిక మీద పొద్దున్నించీ డెమోలు చూపిస్తున్న కంప్యూటర్‌లో ఉన్నది 3.6 గిగాహెర్ట్జ్ పెంటియం 4 అని, మెనూ తెరిచి మరీ చూపించారు. ఎప్పటికైనా అవసరపడుతుందో లేదో తెలియని పనిని అన్నేళ్లపాటు విడవకుండా చేసిన ఇంజనీర్లంటే నాకు ఎంతో గౌరవం. మారతామని ప్రకటించిన పద్నాలుగు నెలల్లో, 2006 ఆగస్టుకల్లా మ్యాక్‌లన్నీ ఇంటెల్‌కి మారిపోయాయంటే దాని వెనక ఉన్నది ఆ కష్టమే.

మాలాంటి వాళ్లకి అంత ముందుచూపుకి అవకాశం లేదు. అందరికీ చెప్పిన రోజే మాకూ తెలిసింది. పరీక్షించుకోవడానికి ఆపిల్ ఇంటెల్ చిప్ పెట్టిన ఒక కంప్యూటర్‌ని డెవలపర్లకి 999 డాలర్లకి ఇచ్చింది, అదీ తిరిగిచ్చేయాలన్న షరతు మీద. మా కోడ్ అంతా కోడ్‌వారియర్ అనే పనిముట్టులో ఉండేది. ముందు దాన్ని ఆపిల్ వారి ఎక్స్‌కోడ్‌లోకి తేవాలి. చాలా కంపెనీలకి అసలు చాకిరీ అక్కడే మొదలైంది.

అదంతా పూర్తయి ప్రోగ్రాం లేచి నిలబడింది. తెర మీద మెనూలన్నీ సరిగ్గా వచ్చాయి. తీరా పాత ఫైలు ఒకటి తెరవమంటే మెమరీ చాలదంది. విప్పి చూస్తే కారణం ఇది. ఏ4 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల లెక్కన స్కాన్ చేస్తే వెడల్పు 2480 చుక్కలు వస్తుంది. ఆ సంఖ్యని నాలుగు బైట్లలో రాస్తే 0, 0, 9, 176. తొమ్మిదిని 256తో హెచ్చవేసి 176 కలపండి, సరిగ్గా 2480. పవర్‌పీసీ మ్యాక్ పెద్ద విలువ బైటుని ముందు పెడుతుంది. ఇంటెల్ చిన్న విలువ బైటుని ముందు పెడుతుంది. కాబట్టి అవే నాలుగు బైట్లని ఇంటెల్ చదివితే 176 అన్నిటికన్నా పెద్ద స్థానంలోకి ఎక్కి కూర్చుంటుంది. 2480 చుక్కల బొమ్మ వెడల్పు 295 కోట్ల 33 లక్షల పైచిలుకు అయిపోతుంది. ఏ కంప్యూటర్‌కి మాత్రం మెమరీ చాలుతుంది!

ఫైలులో అంకె ఉన్న ప్రతిచోటా ఇదే గొడవ. వెడల్పు, ఎత్తు, రంగుల పట్టిక, తేదీ, ఒక్కొక్కటీ వెతికి పట్టుకుని చదివేటప్పుడు బైట్లు తిరగెయ్యాలి. ఒక్కటి వదిలేసినా ఎక్కడో ఓ మూల ఎరుపు రంగు నీలంగా వస్తుంది. విసుగు పుట్టించే పని. ఎవరి కంటా పడదు. అయినా నేను ఇష్టంగా చేసిన పనుల్లో ఇదొకటి. ఎందుకంటే చిక్కడపల్లిలోని ఒక డీటీపీ సెంటర్లో పనిచేసే ఆపరేటర్ అన్న అడిగిన ప్రశ్న చెవిలో గింగురుమంటూ ఉండేది. "మేడం, మీ చిప్ సంగతి నాకెందుకు? నిన్నటిదాకా తెరుచుకున్న ఫైలు రేపు తెరుచుకుంటదా లేదా, అది చెప్పండి" అన్నాడాయన. కంప్యూటర్ కొనే ఎవరికైనా ఇంతకన్నా సూటి ప్రశ్న ఉంటుందనుకోను.

అందరూ తమ ప్రోగ్రాంలని మార్చేదాకా పాతవి నడవడానికి ఆపిల్ రోసెట్టా అనే ఏర్పాటు చేసింది. ఈస్టిండియా కంపెనీ కాలంలో దొరకీ రైతుకీ మధ్య నిలబడి మాట్లాడిన దుబాసీ లాంటిదది. పవర్‌పీసీ ఆదేశాలని అప్పటికప్పుడు ఇంటెల్ ఆదేశాలుగా మార్చి అందిస్తుంది. ఇంగ్లండులోని మాంచెస్టర్ యూనివర్సిటీ పరిశోధనలోంచి పుట్టిన ట్రాన్సిటివ్ అనే కంపెనీది ఆ సాంకేతికత. మామూలు ప్రోగ్రాంలకి బాగానే పనికొచ్చింది. ఫొటోషాప్ లాంటి బరువైనవి మాత్రం నత్తనడక నడిచాయి. ఇంటెల్ కోసం తయారైన ఫొటోషాప్ సీఎస్3 వచ్చేసరికి 2007 ఏప్రిల్ అయింది. అందాకా ప్రెస్సులవాళ్లు చాలామంది పాత జీ5లని వదల్లేదు. వాళ్లు చేసిందే సబబని నా అభిప్రాయం.

నష్టపోయినవాళ్లూ ఉన్నారు. అంతకు ముందటి మ్యాక్ ఓఎస్ 9 నాటి ప్రోగ్రాంలు క్లాసిక్ అనే ఏర్పాటు ద్వారా నడిచేవి. ఇంటెల్ మ్యాక్‌లలో క్లాసిక్‌కి చోటే లేకుండా పోయింది. మ్యాక్ మీద పేజ్‌మేకర్ బతికింది దాని ఆధారంతోనే. మన దగ్గర తెలుగు పుస్తకాల పేజీలు ఏళ్ల తరబడి తయారైంది పేజ్‌మేకర్‌లో. ఎక్కువమంది విండోస్ మీద చేసేవాళ్లు కాబట్టి గండం గడిచింది. మ్యాక్ మీద చేసినవాళ్లకి పాత కంప్యూటర్ని కాపాడుకోవడమో, విండోస్‌కి మారడమో, పేజీలన్నీ ఇన్‌డిజైన్‌లోకి తెచ్చుకోవడమో తప్పలేదు. ఆ తర్వాత 2011లో, లయన్ వెర్షన్‌తో రోసెట్టాని కూడా ఆపిల్ తీసేసింది. కంపెనీకి ఇది భారం తగ్గించుకోవడం కావచ్చు. నా దృష్టిలో మాత్రం జనం చేసుకున్న పనికి అంత తక్కువ గడువివ్వడం న్యాయం కాదు.

1994 నాటి మార్పు ఇంతకంటే మెత్తగా జరిగింది. గ్యారీ డేవిడియన్ రాసిన ఎమ్యులేటర్ పాత 68కె ప్రోగ్రాంలని పవర్‌పీసీ మీద ఎంత సాఫీగా నడిపించిందంటే, మ్యాక్ సిస్టమ్‌లోనే చాలా భాగాన్ని మార్చకుండా దాని మీదే నడిపారు.

ఇక 2020. ఈసారి ఆపిల్ ఎంచుకున్నది మన ఫోన్లలో ఉన్న ఆర్మ్ ఆర్కిటెక్చర్‌ని. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో ఏకార్న్ అనే కంపెనీలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ దానికి రూపమిచ్చారు. మొదటి చిప్ 1985 ఏప్రిల్‌లో నడిచింది. ఆపిల్ 2008లో పీఏ సెమీ అనే చిప్ కంపెనీని కొని, ఐఫోన్ల కోసం సొంత చిప్‌లు చేస్తూ ఆ పనిలో ఆరితేరింది. 2020 నవంబర్‌లో వచ్చిన ఎం1లో 1600 కోట్ల ట్రాన్సిస్టర్లు. దాన్ని పెట్టిన మ్యాక్‌బుక్ ఎయిర్‌కి ఫ్యానే అక్కర్లేకపోయింది.

నాకు నచ్చింది మరొకటి. ఇంటెల్ చిప్‌లో ఒక కోర్ మెమరీలో ఏ వరసలో రాస్తే మిగతా కోర్లకి అదే వరసలో కనబడుతుంది. ఆర్మ్ ఆ హామీ ఇవ్వదు. వేగం కోసం వరస మార్చుకోవచ్చు. పాత ప్రోగ్రాంలు ఇంటెల్ వరసని నమ్ముకుని రాసినవి. ఆ వరసని, ఇంటెల్ ప్రోగ్రాంలని ఆర్మ్ మీద నడిపించే కొత్త దుబాసీ రోసెట్టా 2 అడుగడుగునా సాఫ్ట్‌వేర్‌తో కాపాడబోతే వేగం చచ్చిపోతుంది. అందుకని ఆపిల్ ఇంజనీర్లు చిప్‌లోనే ఒక మీట పెట్టారు. పాత ప్రోగ్రాం నడిచేటప్పుడు ఆ మీట పడి, చిప్ ఇంటెల్ వరసనే పాటిస్తుంది. ఆపరేటర్ అన్న ప్రశ్నకి సిలికాన్‌లోనే జవాబు చెక్కిన పని అది.

ఈ రోసెట్టాకీ గడువు దగ్గరపడుతోంది. 2025 జూన్‌లో ఆపిల్ చెప్పిన ప్రకారం ఇంటెల్ మ్యాక్‌లకి మ్యాక్ ఓఎస్ 26 చివరిది. రోసెట్టా 2 మ్యాక్ ఓఎస్ 27 దాకా పూర్తిగా ఉంటుంది, ఆపైన కొన్ని పాత ఆటలకి సరిపడా మాత్రమే మిగులుతుంది. కొత్త మ్యాక్ వాడుతున్నవాళ్లు యాక్టివిటీ మానిటర్ తెరిచి 'కైండ్' అనే నిలువు వరస చూడండి. ఏ ప్రోగ్రాం ఎదురుగానైనా ఇంటెల్ అని ఉంటే దాని కొత్త వెర్షన్ ఉందేమో ఇప్పుడే కనుక్కోండి. లేకపోతే అందులో చేసిన ఫైళ్లని వేరే ఫార్మాట్‌లోకి తీసి పెట్టుకోండి. పాత తెలుగు ఫాంట్లలో చేసిన పేజీలకి పీడీఎఫ్ ఒక్కటే చాలదు. అందులోంచి అక్షరాలు బయటికి తీస్తే పిచ్చి గుర్తులొస్తాయి. కాబట్టి యూనికోడ్‌లోకి మార్చిన కాపీ కూడా దాచుకోండి. ఆ కంప్యూటర్, ఆ ఫాంట్లు ఇంకా పనిచేస్తుండగానే ఇదంతా చేసుకోవాలి.