నడుము నొప్పికి సాగదీసే యంత్రం అవసరమా?



పెద్దాపురంలో మగ్గం గుంటలో కూర్చుని పట్టు నేసేవారు, చుట్టుపక్కల చేలల్లో వంగి ఊడ్చేవారు నడుము నొప్పితో మా వద్దకు వస్తుంటారు. "ఆపరేషన్ లేకుండా యంత్రంతో వెన్ను సాగదీస్తారట, చేయించుకోమంటారా?" అని అడుగుతుంటారు.

వెన్నుపూసల మధ్య మెత్తటి దిండ్ల వంటి డిస్కులు ఉంటాయి. డిస్కు ఉబ్బి నరాన్ని నొక్కితే నొప్పి పిరుదు మీదుగా కాలిలోకి, మెడలో అయితే చేతిలోకి పాకుతుంది. ఈ చికిత్సలో పట్టీ కట్టి యంత్రంతో కొద్దికొద్దిగా లాగి వదులుతారు. ఇది పాత ట్రాక్షన్‌కు కొత్త రూపమే. కొందరికి తాత్కాలికంగా హాయి అనిపించవచ్చు. అయితే దీర్ఘకాలిక నడుము నొప్పికి ట్రాక్షన్‌ను మామూలుగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. గర్భిణులకు, ఎముకలు గుల్లబారినవారికి, వెన్ను విరిగినవారికి ఇది హానికరం కావచ్చు. దీనికోసం అప్పు చేయకండి, బంగారం తాకట్టు పెట్టకండి.

కొత్తగా వచ్చిన నడుము నొప్పి చాలామందికి 6 వారాల్లోపే బాగా తగ్గుతుంది. మంచం పట్టకుండా తిరగండి. కాపడం పెట్టుకోండి. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామం రోజూ చేయండి. పనిలో అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి.

కానీ మూత్రం బిగిసినా, తెలియకుండా పోతున్నా, మర్మావయవాల చుట్టూ మొద్దుబారినా, కాళ్లలో బలం తగ్గుతున్నా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. ఆలస్యమైతే నరాలు శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

మీ స్వస్థత కొరకు ప్రార్థిస్తున్నాము.