బట్ట మీద రెజిన్: తొందరపడితే దిద్దుకోలేని పని

హైదరాబాద్ పాతబస్తీలో హుస్సేనీ ఆలంకు చేరువనే ఉన్న లాడ్ బజార్ లక్క గాజులకు పేరు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. మోదుగ, రేగు వంటి చెట్లపై పురుగులు పెట్టే జిగురే లక్క. వంకర వస్తే నిప్పు సెగ చూపి సరిచేయవచ్చు.

మోటారు సైకిలు మడ్‌గార్డులకు, సైడు ప్యానెళ్లకు పూల బట్ట అతికి పైన అద్దంలా మెరిసే పూత వేసే పనిలో వాడే ఎపాక్సీ రెజిన్ అలాంటిది కాదు. గట్టిపడిందంటే మళ్లీ కరగదు. తప్పు జరిగితే బట్ట, రెజిన్, కూలి మూడూ పోయినట్లే. ఈ పని నేర్వదలచిన మన పల్లె యువకులు ముందుగా గ్రహించవలసింది ఇదే.

భాగాన్ని గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము, జిడ్డు లేకుండా తుడవాలి. తెల్లబట్ట రెజిన్ తాగితే అడుగు రంగు బయటపడుతుంది గనుక కింద తెల్లరంగు వేసుకోవాలి. చిన్న ముక్కపై ముందు పరీక్షించడం మంచిది. పలుచగా రెజిన్ పూసి, అది జిగటగా ఉన్నప్పుడే బట్టను నేత సాగకుండా పరచాలి. వానాకాలంలో బట్టలో తేమ ఉంటే బుడగలు తప్పవు.

హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా ఆరుతుందన్నది భ్రమ. ఎపాక్సీ మెత్తగానే మిగిలిపోతుంది. డబ్బాపై రాసిన పాళ్లను తూచి కలపాలి. ఎండాకాలంలో కలిపిన రెజిన్‌ను లోతు డబ్బాలో ఉంచితే తనంతట తానే వేడెక్కి పొగలు కక్కుతుంది. కొద్దికొద్దిగా కలిపి, వెడల్పు పళ్లెంలో పోసుకోవాలి.

తాకితే జిగటగా ఉండి వేలికి అంటనప్పుడు తరువాతి పూత వేయాలి. నేత పూర్తిగా మునిగేదాకా, కనీసం రెండు మూడు పూతలు వేసేదాకా, రుద్దడానికి పూనుకోరాదు. బట్ట పోగు తెగితే ఆ మచ్చ ఇక పోదు. పూర్తిగా గట్టిపడ్డాక 220 నంబరు వాటర్ పేపరుతో మొదలుపెట్టి, 400, 600, 1000 దాకా నీళ్లతో రుద్దాలి. తడిగా రుద్దితే ధూళి ఊపిరితిత్తుల్లోకి పోదు. తొడుగులు, మాస్కు తప్పనిసరి.

పాలియెస్టర్ రెజిన్ వాడేచోట మరో ప్రమాదం ఉంది. దానిలో కలిపే కోబాల్టును, కెటలిస్టును నేరుగా ఒకదానిలో ఒకటి పోస్తే పేలిపోవచ్చు. కెటలిస్టు చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. వెంటనే పావుగంటసేపు నీళ్లతో కడిగి, వైద్యుని వద్దకు పరుగెత్తాలి.

ఎండకు ఎపాక్సీ పసుపెక్కుతుంది. చివరగా కార్లకు వేసే, ఎండను తట్టుకునే క్లియర్ కోటు పూస్తే రంగు నిలుస్తుంది.