తాతగారి యుద్ధకాలపు రికార్డు ఎక్కడుంది? ఎలా అడగాలి?

తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేశారని ఇంట్లో అందరికీ తెలుసు. బర్మా వెళ్లారని పెదనాన్న అంటారు, కాదు ఈజిప్టు అని మేనత్త అంటుంది. ఏ దళం, ఏ సంవత్సరాలు అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు ఉండదు. 1942లో పద్దెనిమిదేళ్లకు సైన్యంలో చేరిన మనిషి ఈరోజు ఉండి ఉంటే వందేళ్లు దాటేవి. అడగడానికి ఆయన లేరు. మరి కాగితాలైనా ఉన్నాయా? చాలామంది విషయంలో ఉన్నాయి. కాకపోతే అందరూ ముందుగా వెతికే చోట ఉండవు.

మొదట వచ్చే అనుమానం: ‘మా తాత మామూలు సిపాయి, ఆయన గురించి ఎవరు రాసిపెట్టి ఉంటారు?’ దీనికి ఒక లెక్క చూద్దాం. 1939లో యుద్ధం మొదలైనప్పుడు భారత సైన్యంలో రమారమి 2 లక్షల మంది ఉన్నారు. యుద్ధం ముగిసేసరికి మొత్తం 25 లక్షల మంది యూనిఫాం వేసుకున్నారు. 1941 జనాభా లెక్కల ప్రకారం అవిభక్త భారతదేశ జనాభా దాదాపు 38.9 కోట్లు. ఇంటికి ఐదుగురు అనుకుంటే 7.8 కోట్ల ఇళ్లు. అంటే సగటున ప్రతి 31 ఇళ్లకు ఒక సైనికుడు. ఇంతమందికి జీతం లెక్కకట్టాలి, సెలవు ఇవ్వాలి, ఇంటికి మనియార్డరు పంపాలి. ఆ పని కాగితం లేకుండా జరగదు. అందుకే చేరిన ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు కింద ఒక సర్వీసు పత్రం ఉండేవి. సైన్యంలో దాన్ని షీట్ రోల్ అంటారు.

సగటు అన్నాను గానీ చేరికలు అన్నిచోట్లా ఒకేలా లేవు. పంజాబు తర్వాత ఎక్కువమందిని పంపినవాటిలో మద్రాసు ప్రెసిడెన్సీ ముందుంది, కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు అందులోవే. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ఈనాటికీ మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. ఆ ఊరివాళ్లు చెప్పే లెక్కలో రెండో యుద్ధానికి వెళ్లినవాళ్లే వెయ్యికి పైగా.

రెండో అనుమానం నిరాశలోంచి వచ్చేది: ‘ఇంటర్నెట్‌లో వెతికాను, పేరు లేదు.’ అలా వెతికినవాళ్లు దాదాపుగా చూసేది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితానే. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన సైనికుల సమాధులనూ స్మారకాలనూ చూసుకునే సంస్థ అది. వెతకడానికి పైసా అడగదు, చాలా మంచి జాబితా. కానీ అందులో ఉండేది చనిపోయినవాళ్లు మాత్రమే. రెండో యుద్ధంలో అవిభక్త భారత సైన్యం పోగొట్టుకున్నవాళ్లు సుమారు 87,000. దీన్ని 25 లక్షలతో పోల్చితే నూటికి ముగ్గురు, నలుగురు. మిగతా 96 మంది బతికారు, వాళ్ల పేర్లు ఆ జాబితాకు ఎక్కే పనే లేదు. కాబట్టి తిరిగొచ్చిన తాతగారి పేరు అక్కడ లేకపోవడం సహజం. రికార్డు పోయిందని దానికి అర్థం కాదు.

తిరిగిరాని మనిషి కోసం వెతుకుతున్నవాళ్లకు మాత్రం అదే మొదటి మెట్టు. 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు జరిగిన సైనిక మరణాలు అందులోకి వస్తాయి. కనుక యుద్ధం ఆగాక 1946లో ఆసుపత్రిలో పోయినవాళ్లూ ఉండవచ్చు. సమాధి లేనివాళ్ల పేర్లు స్మారకాల మీద చెక్కారు. బర్మాలోని రంగూన్ స్మారకం మీద దాదాపు 27,000, సింగపూర్ క్రాంజీ స్మారకం మీద 24,000కు పైగా పేర్లున్నాయి. చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా కూడా రాశారు. అదే మనకు ఆసరా.

ఇక్కడ ఓపిక కావాలి. మన పేర్లను ఇంగ్లీషులో రాసిన గుమాస్తాకు తెలుగు వచ్చి ఉండకపోవచ్చు. అప్పలస్వామి అప్పలసామి అవుతాడు, వెంకటేశ్వర్లు నాలుగైదు రకాలుగా కనిపిస్తాడు. ఇంటిపేరు ఒక్కోసారి పొడి అక్షరంగా ఉంటుంది, చాలాసార్లు అసలే ఉండదు. అందుకని పూర్తి పేరు కొట్టకుండా మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టండి. అదనపు వివరాల గడిలో జిల్లా పేరు వేయండి. జిల్లా కూడా ఆనాటిది కావాలి. ప్రకాశం జిల్లా 1970లో వచ్చింది, అప్పుడు ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది. శ్రీకాకుళం 1950 దాకా విశాఖపట్నం జిల్లాలోనే. ఆ విశాఖ కాగితాల మీద ‘విజగాపటం’గా ఉంటుంది. విజయవాడ బెజవాడ, కాకినాడ కోకనాడ, శ్రీకాకుళం చికాకోల్. కృష్ణా, కడప జిల్లాల ఇంగ్లీషు స్పెల్లింగులూ నేటివి కావు, పాతవి కూడా వేసి చూడండి.

ఇక తిరిగొచ్చిన ఆ 96 మంది సంగతి. చాలామంది వాళ్ల కాగితాలన్నీ లండన్‌లో ఉంటాయనుకుంటారు. సిపాయి నుంచి హవల్దారు దాకా ఉన్నవాళ్ల సర్వీసు కాగితాలు అక్కడ లేవు. 1947 తర్వాత భారత సైన్యానికి వచ్చిన దళాల కాగితాలు మన దేశంలోనే, ఆయా దళాల రికార్డ్స్ ఆఫీసుల్లో ఉండిపోయాయి. మద్రాస్ సాపర్స్, అంటే వంతెనలు, రోడ్లు వేసే ఇంజినీరింగ్ దళంలో చేరిన తెలుగువాళ్లు చాలామంది. వాళ్ల రికార్డ్స్ బెంగళూరులోని మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌లో. మద్రాస్ రెజిమెంటు పదాతి సైనికులవి నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌లో. లారీలు, రేషన్లు నడిపిన ఆర్మీ సర్వీస్ కోర్ దక్షిణ విభాగానివి, పయొనీర్ కోర్‌వి బెంగళూరులో. వాహనాలు, తుపాకులు బాగుచేసిన ఈఎంఈవి, ఆయుధ సామగ్రి చూసిన ఆర్డినెన్స్ కోర్‌వి సికింద్రాబాద్‌లో. సిగ్నల్స్ జబల్‌పూర్, మెడికల్ కోర్ లక్నో, ఫిరంగి దళం నాసిక్ రోడ్. తాతగారు నావికుడైతే ముంబయిలోని నౌకాదళ బ్యూరో ఆఫ్ సెయిలర్స్, వైమానిక దళమైతే ఢిల్లీలోని ఎయిర్‌ఫోర్స్ రికార్డ్ ఆఫీసు. ఇన్ని చోట్లు చెప్పడానికి కారణం ఉంది: అందరి పేర్లూ కలిపి ఉన్న ఒకే పెద్ద జాబితా లేదు. దళం తెలియకుండా ఉత్తరం రాస్తే అది ఎవరి బల్ల మీదా ఆగదు.

కాబట్టి మనకు కావలసినవి రెండు, సర్వీసు నంబరు, దళం పేరు. నంబరు ఒక్కటీ చాలదు. ఆ రోజుల్లో దళాలు వేటి నంబర్లు అవి ఇచ్చుకునేవి, అందువల్ల ఒకే నంబరు రెండు దళాల్లో ఇద్దరికి ఉండవచ్చు. ఈ రెండూ ఎక్కువసార్లు ఇంట్లోనే దొరుకుతాయి. మొదట వెతకాల్సింది డిశ్చార్జి సర్టిఫికెట్. చేరిన తేదీ, విడిపోయిన తేదీ, కారణం, పతకాలు, ఊరు, తాలూకా, పుట్టుమచ్చలు కూడా అందులో ఉంటాయి. అది లేదంటే మాజీ సైనికుడిగా భూమి పొందారేమో చూడండి. అలా ఇచ్చిన డీకేటీ (ప్రభుత్వ భూమి) పట్టా దరఖాస్తుకు సర్టిఫికెట్ నకలు జతచేసి ఉండాలి, తహసీల్దారు ఆఫీసు ఫైల్లో అది మిగిలి ఉండవచ్చు. మరో దారి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. పెన్షన్ లేని రెండో ప్రపంచ యుద్ధ సైనికులకూ వాళ్ల భార్యలకూ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు నెలనెలా సాయం ఇస్తూ వచ్చాయి. మీ నానమ్మ ఎప్పుడైనా ఆ డబ్బు తీసుకుని ఉంటే ఆవిడ ఫైల్లో తాతగారి నంబరు తప్పక ఉంటుంది.

పతకాలుంటే అదృష్టమే. వాటిలో నక్షత్రాలు ఆరు కోణాలతో ఇత్తడి రంగులో ఉంటాయి, ఏ పతకమో దాని పేరు వాటి మీదే ఉంటుంది. భారత సైనికులకు ఇచ్చిన పతకాల అంచు మీదో వెనకవైపో నంబరు, పేరు, దళం చెక్కి ఉండవచ్చు, భూతద్దం పెట్టి చూడండి. తోమవద్దు, చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. పతకం చెప్పే కథ కూడా లెక్కల్లోనే ఉంది. 1939-45 స్టార్ రావాలంటే మామూలుగా యుద్ధరంగంలో 180 రోజులు, అంటే ఆరు నెలలు ఉండాలి. వార్ మెడల్‌కు 28 రోజుల సర్వీసు చాలు, అందుకే అది దాదాపు అందరికీ వచ్చింది. బర్మా స్టార్ 1941 డిసెంబరు 11 నుంచి 1945 సెప్టెంబరు 2 మధ్య బర్మా రంగంలో అడుగుపెట్టినవాళ్లకు. కొన్ని తేదీల్లో అస్సాం, బెంగాల్ కూడా లెక్కలోకి వచ్చాయి. ఆఫ్రికా స్టార్ 1943 మే 12తో, ఇటలీ స్టార్ 1945 మే 8తో ఆగుతాయి. ఇండియా సర్వీస్ మెడల్ దేశం లోపల మూడేళ్లు పనిచేసినందుకు ఇచ్చేది. ఇది, వార్ మెడల్ తప్ప నక్షత్రమే లేదంటే తాతగారి సర్వీసంతా మన గడ్డ మీదే గడిచిందని అనుకోవచ్చు. అది చిన్న సంగతేమీ కాదు. సరఫరా, ఆసుపత్రి, వర్క్‌షాపు మనుషులు లేకుండా బర్మా రంగంలో ఎవరూ పోరాడలేదు.

పెదనాన్న, మేనత్తల తగవు కూడా ఇక్కడే తేలుతుంది. బర్మా స్టార్, ఆఫ్రికా స్టార్ రెండూ ఉంటే ఇద్దరూ నిజమే చెప్పారు.

ఇప్పుడు చేదు విషయం. పెన్షన్ రాకుండా విడిపోయిన సైనికుడి సర్వీసు కాగితాలను సైన్యం 25 ఏళ్లు ఉంచి తర్వాత నాశనం చేయవచ్చు, నిబంధన అలా ఉంది. యుద్ధం కోసం చేరినవాళ్లు చాలామంది 1946 ప్రాంతంలో పెన్షన్ లేకుండానే ఇంటికొచ్చారు. 1946కు 25 కలిపితే 1971. అంటే మనలో చాలామంది పుట్టకముందే తాతగారి షీట్ రోల్‌కు గడువు తీరిపోయింది. ఇది చదివి ఆగిపోకండి. లాంగ్ రోల్ అనే రిజిస్టరు ఉంది. దళంలో చేరిన ప్రతి మనిషికీ అందులో ఒక వరుస, దాన్ని శాశ్వతంగా ఉంచాలి. నంబరు, పేరు, చేరిన తేదీ, విడిపోయిన తేదీ, కారణం లాంటి ముఖ్య వివరాలు ఆ వరుసలో దొరుకుతాయి. షీట్ రోల్ కాలిపోయినా సాధారణంగా మిగిలేది అదే. యుద్ధం తర్వాత కూడా కొనసాగి పదిహేనేళ్ల సర్వీసుతో పెన్షన్ తెచ్చుకున్నవాళ్ల సంగతి మెరుగు. వాళ్ల కాగితాలు ఎక్కువకాలం ఉంటాయి. నానమ్మ పెన్షన్ పుస్తకంలోని పీపీఓ నంబరు, అంటే పెన్షన్ మంజూరు ఉత్తర్వు నంబరు ఉంటే ప్రయాగ్‌రాజ్ (నాటి అలహాబాద్) పెన్షన్ల కార్యాలయం దాకా ఆచూకీ వెళుతుంది.

అడగడం ఎలా? మొదట దళపు రికార్డ్స్ ఆఫీసులోని ఆఫీసర్-ఇన్-చార్జికి మామూలు ఉత్తరం రాయండి. తాతగారికీ మీకూ ఉన్న చుట్టరికం చూపే కాగితం, మరణ ధ్రువపత్రం నకలు జతచేయండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. దరఖాస్తు వేరే ఆఫీసుకు వెళితే వాళ్లే దాన్ని 5 రోజుల్లో సరైన చోటికి పంపాలి. దరఖాస్తులో ‘మా తాతగారి వివరాలన్నీ’ అని రాయకండి. ‘ఫలానా నంబరు, ఫలానా పేరు, షీట్ రోల్ నకలు, అది లేకపోతే లాంగ్ రోల్ నమోదు నకలు, నాశనం చేసి ఉంటే ఆ ఉత్తర్వు తేదీ’ అని మూడూ విడివిడిగా అడగండి. లాంగ్ రోల్ ప్రస్తావన లేని దరఖాస్తుకు ‘రికార్డు నాశనమైంది’ అన్న ఒక్క వాక్యమే జవాబుగా వచ్చి, విషయం అక్కడితో ముగిసిపోయే ప్రమాదం ఉంది. ఈ హక్కు భారత పౌరులకు మాత్రమే. అమెరికా, బ్రిటన్ పౌరసత్వం తీసుకున్న మనవలు ఇక్కడున్న అన్నదమ్ముల పేరు మీద పెట్టించాలి.

నిజాం రాజ్యంవాళ్లకు ఒక జాగ్రత్త. హైదరాబాద్ రెజిమెంటు వేరు, నిజాం సొంత సైన్యం వేరు. మొదటిది బ్రిటిష్ ఇండియా సైన్యంలోది. 1945లో దాని పేరు కుమావ్ రెజిమెంటుగా మారింది, దాని కేంద్రం రాణీఖేత్. రెండోది సంస్థానపు సైన్యం. దాని పటాలం ఒకటి 1941 డిసెంబరులో మలయాలోని కోటా భరూలో జపాన్ దాడిని ఎదుర్కొంది. సంస్థానం కాగితాల కోసం తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. మలయా, సింగపూర్‌లో పట్టుబడి ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరినవాళ్ల కోసం ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ చూడాలి.

ఇంతకీ లండన్‌తో పనే లేదా? ఉంది, కానీ చివర్లో. అక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌లో పటాలాల యుద్ధ దినచర్యలు, అంటే ఏ రోజు ఏ పటాలం ఎక్కడుందో రాసిన డైరీలు ఉన్నాయి. సిపాయిల పేర్లు వాటిలో అరుదు. తాతగారి పటాలం, తేదీలు చేతికొచ్చాక మాత్రం ఆయన 1944 ఏప్రిల్‌లో ఏ నది దాటారో కూడా అవే చెబుతాయి. తాతగారు కమిషన్డ్ ఆఫీసరైతే బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లో వ్యక్తిగత ఫైలు ఉండే అవకాశం ఉంది.

చందా కట్టించుకునే వంశవృక్షం వెబ్‌సైట్లు, ‘మీ తాతగారి మిలటరీ రికార్డు తెచ్చిపెడతాం’ అనే మధ్యవర్తులు ఈ మధ్య చాలా కనిపిస్తున్నారు. మామూలు భారత సిపాయి షీట్ రోల్ వాళ్ల దగ్గర ఉండదు, అది దళం ఆఫీసులోనే ఉంటుంది. నంబరు, దళం తేలి, 10 రూపాయల దరఖాస్తుకు జవాబు వచ్చేదాకా దయచేసి ఎవరికీ డబ్బు కట్టకండి.