చికెన్ సలాడ్‌కు మయోనైజే దిక్కా? ఇంట్ల పెరుగు లేదా, పల్లీలు లేవా?

చికెన్ సలాడ్ అనంగనే మనకు రెండే యాదికొస్తయి. ఒకటి, రీల్స్‌ల జిమ్ము పిలగాడు డబ్బాల పెట్టుకొని తినే సప్పటి కోడి. రెండోది, టౌన్ల బండి కాడ తెల్లటి మయోనైజ్ దట్టంగ కలిపి ఇచ్చేది. మొదటిది నోట్లకు పోదు, రెండోది కడుపుకు పడదు. అందుకే "అది మన తిండి కాదు తియ్" అని పక్కకు పెడుతున్నం. నేను చెప్పేది ఒక్కటే. సలాడ్ అంటే ఒక వంటకం కాదు, ఒక పద్ధతి. ఆ పద్ధతి పట్టుకుంటే ఊరి కిరాణంల దొరికే సామానుతోనే ఎన్ని తీర్లయినా చేసుకోవచ్చు.

ముందుగాల ఈ మయోనైజ్ సంగతి చూద్దాం. నూనె, గుడ్డు సొన, కొంచెం పులుపు కలిపి గట్టిగ గిలకొడితే అయ్యేదే మయోనైజ్. దాన్ని పొయ్యి మీద పెట్టరు. పచ్చి గుడ్డుల సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. ఉడికిస్తే అది చస్తది. ఉడికియ్యకుంటే, పైనుంచి ఎండల గంటలకొద్దీ పెడితే పెరుగుతది. వాంతులు, విరేచనాలు, జరం దీనితోనే. అందుకే 2024 అక్టోబర్ 30న తెలంగాణ సర్కారు పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు బంద్ పెట్టింది. 2025 ఏప్రిల్‌ల తమిళనాడు గూడ అదే పని చేసింది. మరి మయోనైజ్ లేకుంటే సలాడ్ ఎట్ల?

మంచి సలాడ్‌కు నాలుగు కావాలె. మెత్తగ ఉడికిన కోడి, కరకరలాడేది ఒకటి, పులుపు ఒకటి, ఇవన్నీ అతికించేది ఒకటి. మయోనైజ్ చేసే పని ఆ నాలుగోది మాత్రమే. ఆ పనికి మన ఇంట్ల పెరుగుంది, పల్లీల పొడి ఉంది, నువ్వుల పొడి ఉంది.

కోడి ఉడకబెట్టుడు

సలాడ్ సప్పగ, పీచుపీచుగ అయ్యేది ఇక్కడనే. అర కిలో చికెన్, రొమ్ము ముక్కయితే మంచిది, గంజుల ఏసి ముక్క మునిగేటన్ని నీళ్లు పొయ్యాలె. ఉప్పు, పసుపు, దంచిన అల్లం ఎల్లిగడ్డ, రెండు లవంగాలు వెయ్యాలె. ఒక పొంగు రాంగనే మంట తగ్గియ్యాలె. కుతకుత మసిలిస్తే ముక్కల ఉన్న నీళ్లన్నీ బయటికొచ్చి అది పుల్లలెక్క అయితది. చిన్న మంట మీద 15 నుంచి 20 నిమిషాలు చాలు. మందంగ ఉన్న కాడ కోసి చూస్తే లోపల గులాబి రంగు ఉండొద్దు. ఇది ఫారం కోడి లెక్క. నాటుకోడి అయితే ఇంకా చాన సేపు పడతది, కుక్కర్ల పెట్టుడే నయం.

పొయ్యి మీదికెల్లి దించినంక ముక్కను అదే నీళ్లల్ల పది నిమిషాలు వదిలేసి, చేత్తోని సన్నగ చీరాలె. వేడి మీదనే నిమ్మరసం, ఉప్పు కలిపితే లోపలికి పడతది. మిగిలిన నీళ్లు పారబొయ్యొద్దు. మిరియాలు ఏస్తే అది షెర్వ. బువ్వల పోసుకోవచ్చు.

ఇగ తీరుతీర్ల సలాడ్లు

పెరుగుతోని: గడ్డ పెరుగును బట్టల కట్టి రెండు మూడు గంటలు వేలాడదియ్యాలె. నీళ్లు కారిపోయి వెన్నలెక్క అయితది. దాంట్ల చిటికెడు ఆవపొడి, మిరియాల పొడి, ఉప్పు కలిపి చికెన్, కీరదోస ముక్కలు వెయ్యాలె. మయోనైజ్ తీరే కనిపిస్తది, నూనె మాత్రం ఉండది. కీరను ముందుగాల ఉప్పు రాసి పిండాలె. లేకుంటే పావుగంటల సలాడ్ కాస్త సల్ల అయితది.

పచ్చిపులుసు తీరు: ఇది నాకు అన్నిట్లకెల్ల ఇష్టం. చింతపండు రసం చిక్కగ తీసి, కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, జీలకర్ర, కొత్తిమీర అండ్లనే పిసకాలె. వేంచిన నువ్వుల పొడి రెండు చెంచాలు ఏస్తే చిక్కవడతది. దీంట్ల చీరిన చికెన్ కలిపి జొన్నరొట్టెతోని తిని చూడుండ్రి. పచ్చిపులుసు మనకు తెలుసు, కోడి తెలుసు. రెండూ కలిపి చూసుడే మిగిలింది.

వేంచిన బియ్యంతోని: థాయిలాండ్, లావోస్ దేశాలల్ల లార్బ్ అనే సలాడ్ ఉన్నది. సన్నగ కొట్టిన మాంసంల నిమ్మరసం, పుదీన, కారం, వేంచి దంచిన బియ్యం పొడి కలుపుతరు. చేపల నుంచి తీసిన ఉప్పటి రసం గూడ ఏస్తరు, మనకు ఉప్పు చాలు. ఆ బియ్యం పొడి వాసన, కరకర ఇచ్చుడే కాదు, తడిని గూడ పీలుస్తది. బియ్యం మన ఇంట్ల లేని రోజున్నదా?

మొలకలు, మక్కలతోని: పెసర మొలకలు, ఉడికిన మక్కగింజలు, టమాట, ఉల్లిగడ్డ, పిడికెడు వేంచిన పల్లీలు. పైన నిమ్మకాయ పిండాలె. దీన్ని తింటే బువ్వ పెట్టుకోకున్నా కడుపు నిండుతది.

కాలం కాయలతోని: ఎండకాలం పచ్చిమామిడి తురుము, చలికాలం జామకాయ ముక్కలు, దానిమ్మ గింజలు. సలాడ్ల పండ్లేంది అంటరా? అమెరికాల వాల్డార్ఫ్ సలాడ్‌ల ఆపిల్ ఏస్తరు. 1953ల ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి లండన్‌ల చేసిన చల్లటి కోడి వంటకంల మన తీరు కర్రీ పౌడర్ కలిపిండ్రు. కారనేషన్ చికెన్ అని దాన్ని ఇప్పటికీ తింటున్నరు. వాళ్లు మన మసాల తీసుకపోయి సలాడ్ల కలుపుకున్నప్పుడు, మనం సలాడ్‌ను తెచ్చుకొని మన పులుసుల కలుపుకుంటే తప్పేముంది?

డబ్బా పొడి కంటే ఇది నయం

కానిస్టేబుల్, ఆర్మీ ఈవెంట్ల కోసం పొద్దుగాల్నే గ్రౌండ్‌ల ఉరికే పిల్లలు వేల రూపాయలు పెట్టి ప్రొటీన్ డబ్బాలు కొంటున్నరు. హైదరాబాద్ తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యంగ ఉన్న పెద్ద మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలె. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. ఎముక లేని చికెన్ 100 గ్రాములల్ల 20 గ్రాములకు పైనే ఉంటది. పల్లీలు 100 గ్రాములు తీసుకుంటే 25 గ్రాముల దాక ఉంటది. పప్పు, పెరుగు, గుడ్డు వేరే. కసరత్తు చేసేటోళ్లకు కొంచెం ఎక్కువ కావచ్చు, అదిగూడ తిండితోనే వస్తది. 2024ల ఇచ్చిన సూచనలల్ల అదే సంస్థ ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దనే చెప్పింది.

జాగ్రత్తలు మరువొద్దు

పచ్చి చికెన్ కోసిన కత్తి, పలక కడగకుండ ఉల్లిగడ్డ కొయ్యొద్దు. కూరయితే మళ్ల ఉడుకుతది కాబట్టి నడుస్తది, సలాడ్ ఇగ ఉడకది. కలిపినంక రెండు గంటలల్ల తినాలె. మన ఎండకాలంల అయితే గంటకంటే ఎక్కువ బయట పెట్టొద్దు. ఫ్రిజ్ లేనోళ్లు తినేటంతనే కలుపుకోవాలె. రాత్రిది పొద్దుగాల డబ్బాల కట్టుకపోవుడు అసలే వద్దు.

ఆఖరుకు పంపకం ముచ్చట

కోడికూర వండిన రోజు లెగ్ పీస్ ఎవరి కంచంల పడతదో మనకు ఎరుకే. నేను చూసిన చాన ఇండ్లల్ల అది మొగపిల్లగానికే. అందరికీ వడ్డించి ఆఖరుకు కూసునే అమ్మకు మెడ ముక్క, అడుగున మిగిలిన పులుసు. రక్తం తక్కువున్నదని డాక్టర్ చెప్పేది మాత్రం ఆడోళ్లకే ఎక్కువ. సలాడ్‌ల లెగ్ పీసూ లేదు, మెడ ముక్కా లేదు. అంతా చీరి కలిపినంక అర కిలో కోడి ఐదుగురికి సమానంగ వస్తది. ఇంకో మాట, దీనికి తాలింపు పెట్టుడు, మసాల నూరుడు ఏం రావాల్సిన పని లేదు. ఉడకబెట్టుడు, చీరుడు, కలుపుడు. వంట రాదని తప్పించుకునే తమ్ముళ్లు గూడ చెయ్యొచ్చు. వచ్చే ఐతారం చికెన్ తెచ్చే పనితోని ఆగకుండ గంజు గూడ మీరే పట్టుండ్రి. అమ్మను ముందుగాల కూసోబెట్టి వడ్డియ్యుండ్రి.