వీరనామాదేశము: కెప్టెన్ అమెరికా చిత్రకథలయందలి యొక విచారము

యుద్ధమున వీరుఁడు కూలినపుడు అతని ప్రాణముతోపాటు పేరును గూలవలసినదేనా, లేక మఱియొకఁ డా పేరును, వేషమును, ఆయుధమును దాల్చి నిలువవచ్చునా యను ప్రశ్నము ప్రాచీనమైనది. విక్రమాదిత్యనామము గుప్తవంశమున రెండవ చంద్రగుప్తునకును, పిదపఁ జాళుక్యవంశమునఁ బెక్కురు రాజులకును బేరయ్యెను. పురాణములలో నింద్రత్వ మొక పదవి. మన్వంతరము మాఱినపుడెల్ల నింద్రుఁడును మాఱును. అయినను బిరుదమును బహిరంగముగాఁ దాల్చుట వేఱు. చచ్చినవాఁడు చావలేదని లోకమును నమ్మించుచు వాని పేరఁ బోరుట వేఱు. ఈ రెండవ తెఱఁగునకు విస్తృతమైన యుదాహరణము అమెరికా దేశపు సైనికచిత్రకథలలో, అందును గెప్టెన్ అమెరికా కథాచక్రమునఁ గానవచ్చుచున్నది.

ఈ వీరుని సృష్టించినవారు జో సైమన్, జాక్ కర్బీ యను నిరువురు. 1941 మార్చి నెల పేర వెలువడిన తొలిసంచిక ముఖపత్రముపై నతఁడు హిట్లరును బిడికిటఁ బొడుచుచున్నట్లు చిత్రింపఁబడెను. అమెరికా యప్పటి కింకను యుద్ధమునఁ బ్రవేశింపలేదు. కథయందు స్టీవ్ రాజర్స్ అను బక్కపలుచని యువకుఁడు సైన్యమున కయోగ్యుఁడని త్రోసివేయఁబడి, పిదప నొక యౌషధప్రయోగముచే మహాబలుఁ డగును. డాలు అతని యాయుధము. బకీ యను బాలుఁడు తోడు. యుద్ధము ముగిసిన వెనుక నీ కథల కాదరణము తగ్గి 1949లో నవి నిలిచిపోయెను. 1953, 54 సంవత్సరములలోఁ గమ్యూనిస్టులతోఁ బోరు వీరునిగా నతఁడు మఱల వెలువడి, కొలఁది సంచికలకే మఱుఁగుపడెను.

1964లో నవెంజర్స్ 4వ సంచికయందు స్టాన్ లీ, కర్బీలు రాజర్సును దిరిగి తెచ్చిరి. వారి కథనమునుబట్టి 1945లోనే యొక విమానము ప్రేలి బకీ మరణించెను. రాజర్స్ సముద్రమునఁ బడి, మంచులో గడ్డకట్టి, యిన్నియేండ్లు నిద్రించెను. ఇచ్చట విరోధ మేర్పడినది. రాజర్స్ 1945 మొదలు మంచులో నున్నచో, 1949 దాఁకను, మఱల 1953, 54లోను బోరిన కెప్టెన్ అమెరికా యెవఁడు?

రెండు వాక్యములు పరస్పరవిరుద్ధము లయినపుడు ఒకదానిని బాధించుట యొక మార్గము. విషయభేదమును జూపి రెంటిని నిలుపుట మఱియొక మార్గము. తరువాతి రచయితలు రెండవదానినే యాశ్రయించిరి. 1972లో స్టీవ్ ఎంగిల్‌హార్ట్ రచనకు సాల్ బుసీమా బొమ్మలు గీయఁగా వెలువడిన 153 మొదలు 156 వఱకుఁగల సంచికలు, 1953, 54 నాఁటివాఁడు రాజర్స్ కాఁడనియు, అతనియందుఁ బరమభక్తి గల వేఱొకఁడనియుఁ జెప్పినవి. 1977లో రాయ్ థామస్ వ్రాసిన వాట్ ఇఫ్ 4వ సంచిక మిగిలిన లోపమును బూరించినది. దానినిబట్టి 1945లో నధ్యక్షుఁడు ట్రూమన్ కోరికపై విలియమ్ నాస్‌లండ్ అను మఱియొక వీరుఁ డా వేషమును దాల్చెను. 1946లో బోస్టన్ నగరమున నొక యంత్రపురుషునితోఁ బోరి యతఁడు మడిసెను. అంతట జెఫ్ మేస్ అనువాఁ డా డాలు నందుకొనెను. ఊహాకథలకై యేర్పడిన పత్రికలోని దయ్యు, నీ కథ యసలు చరిత్రలోని భాగముగా స్వీకృతమగుట గమనింపఁదగినది.

ఈ పరంపరను దెలిసికొనుటకు వ్యాకరణపరిభాష యుపకరించును. పాణినీయమున నొక శబ్దముయొక్క చోట మఱియొకటి విధింపఁబడినపుడు తొలుతటిది స్థాని, వచ్చినది యాదేశము. ఆర్ధధాతుకప్రత్యయములు రావలసినపుడు ‘అస్’ ధాతువునకు ‘భూ’ యాదేశ మగును. అప్పుడు భూశబ్దము స్థానివలెనే ధాతువుగా నెన్నఁబడి ధాతుకార్యములఁ బొందును. ఇదియే స్థానివద్భావము. కాని దీనికొక మేర కలదు: స్థానియొక్క వర్ణముల నాశ్రయించిన కార్యము లాదేశమునకు సంక్రమింపవు. అధికారము సంక్రమించును, అక్షరము సంక్రమింపదు.

నాస్‌లండునకు డాలు వచ్చెను, పేరు వచ్చెను, ప్రజల నమ్మకము వచ్చెను. రాజర్సుదేహము నాశ్రయించిన యౌషధబలము మాత్రము రాలేదు. ఆ కొఱత నెఱిఁగియే యతఁడు నిలిచి పోరెను. 1953 నాఁటివాఁ డీ మేరను మన్నింపలేదు. శత్రుపక్షపు పత్రములలో దొరకిన యౌషధవిధానమును సంపాదించి, శస్త్రచికిత్సచే ముఖమును రాజర్సుముఖముగా మార్పించుకొని, స్టీవ్ రాజర్స్ అను పేరునే స్వీకరించెను. కాని యౌషధముతోఁ గూడ జరుపవలసిన కిరణప్రయోగము జరుగనందున నతని బుద్ధి చెడి, యెల్లవారియందును శత్రువులనే చూడఁజొచ్చెను. ప్రభుత్వమువారే యతనిని నిద్రాస్థితియందు బంధింపవలసివచ్చెను. స్థానియే తానగుటకుఁ బ్రయత్నించిన యాదేశమునకుఁ గలిగిన గతి యిది.

రహస్యాదేశమున మఱియొక దోషము కలదు. సేనయొక్కయుఁ బ్రజలయొక్కయు ధైర్యము సడలకుండుటకై ట్రూమన్ ఈ యేర్పాటు చేసెనని కథ. ప్రయోజనము సిద్ధించినది, మూల్యమును జెల్లినది. కెప్టెన్ అమెరికా చావలేదని లోకము నమ్మినంతకాలము రాజర్స్ కొఱకు నేడ్చువారు లేరు. నాస్‌లండ్ మడిసినపుడును లోకమునకు నష్టమేమియుఁ గనఁబడలేదు, డాలు పట్టినవాఁ డొకఁడు మఱునాఁడును నున్నాఁడు గనుక. పేరు బ్రతుకుటకై మనుష్యుని మరణము దాఁపఁబడెను. యుద్ధమునఁ బడినవానికి లోక మీయఁగల కడపటి మర్యాద వానికై శోకించుటయే గదా!

2007లో నెడ్ బ్రూబేకర్ రచనమున, స్టీవ్ ఎప్టింగ్ చిత్రములతో వెలువడిన 25వ సంచిక దీనికి భిన్నమైన త్రోవఁ ద్రొక్కినది. అందు రాజర్స్ న్యాయస్థానపు మెట్లపై నెల్లరు చూచుచుండఁగా గుండుదెబ్బలకుఁ గూలెను. మరణము దాఁపఁబడలేదు. చనిపోయినాఁడని తలఁపఁబడిన బకీ జీవించియున్నట్లు 2005లోనే వెల్లడియై యుండెను. కెప్టెన్ అమెరికా నిలువవలెననియు, బకీని గాపాడవలెననియు రాజర్స్ వ్రాసియుంచిన లేఖ ననుసరించి, 2008లో 34వ సంచికయందు బకీ డాలు పట్టెను. అతఁడు రాజర్సునని చెప్పుకొనలేదు. వేషమును మార్చి, డాలుతోపాటు తుపాకిని ధరించెను.

ఆగమము మిత్రునివలెఁ బ్రక్కనఁ జేరుననియు, నాదేశము శత్రువువలె స్థానిని ద్రోసి కూర్చుండుననియు వైయాకరణులలో నొక వాడుక. బకీ 1941లో నాగమముగా వచ్చినవాఁడు. 2008లో నాదేశ మయ్యెను. ఆదేశమయ్యు మిత్రుఁడుగానే నిలుచుట యతనియందలి విశేషము. 2010 నాఁటికి రాజర్స్ సజీవుఁడై తిరిగివచ్చియు, డాలును వెంటనే గ్రహింపక కొంతకాల మతనియొద్దనే యుంచెను.

కావున వీరనామ మొక పదవివంటిది. దానిని మఱియొకఁడు దాల్చుట దోషము కాదు. పూర్వుని మరణమును దాఁచుట దోషము. తన్నుఁ దాను మఱచి పూర్వుఁడే తా ననుకొనుట మహాదోషము. స్థానిని స్మరించుచుఁ దన వర్ణములతోఁ దాను నిలుచునదే సాధువైన యాదేశము.