చేతిపని నేర్పే మేష్టరు

చంద్రపూరు, బల్లార్‌పూరు, రాజూరా ప్రాంతాల తెలుగు ఇండ్లలో చేతిపని ఎరుగని ఇల్లు అరుదు. బొగ్గు గనులలో ఫిట్టర్లుగా, వెల్డర్లుగా, ఎలక్ట్రీషియన్లుగా పనిచేసినవారున్నారు. కాగితపు మిల్లులో జీవితం గడిపినవారున్నారు. మగ్గం విడిచి ఇటు వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలున్నవి. వెదురు చీల్చి తట్టలు, చాటలు అల్లే మేదరివారున్నారు. ఇంత పనితనం మనలో ఉండి కూడా, మన పిల్లవాడో పిల్లో "నేను హైస్కూలులో చేతిపని నేర్పే మేష్టరు నవుతాను" అంటే పెద్దలు మొగం చిట్లిస్తారు. ఇంజనీరయితే సంతోషం, లెక్కల మేష్టరయినా సరే, పనిముట్లు పట్టి పిల్లలకు పాఠం చెప్పడమేమిటని వారి సందేహం. ఆ సందేహం తీర్చడానికే ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాము.

ముందుగా ఆ పాఠమేమిటో చెప్పుకుందాము. ఇంగ్లండులో 1990 నుంచి "డిజైన్ అండ్ టెక్నాలజీ" అనే పాఠం జాతీయ పాఠ్యప్రణాళికలో ఉన్నది. కర్రపని, లోహపుపని, వంట, కుట్టుపని ఒకప్పుడు వేరువేరుగా చెప్పేవారు. వాటినన్నిటినీ ఒక దారాన గ్రుచ్చి, "ఒక అవసరాన్ని గమనించు, దానికి తగిన వస్తువును ఊహించి బొమ్మ గీయి, చేసి చూడు, లోపం సవరించు" అనే క్రమంలో నేర్పుతారు. అంటే కేవలం రంపం కోయడం కాదు. ఎందుకు కోస్తున్నామో, ఎంత కోయాలో ఆలోచించడం కూడ పాఠమే. మన దేశంలో ఈ పేరుతో పాఠం లేకపోయినా, ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. అది మన పొరుగు జిల్లాలోనే ఒకప్పుడు గొప్పగా వెలసినది.

బల్లార్షాలో రైలెక్కి నాగపూరు పోతుంటే దారిలో సేవాగ్రాం స్టేషను వస్తుంది. ఆ వార్ధాలోనే 1937 అక్టోబరు 22, 23 తేదీలలో గాంధీగారి అధ్యక్షతన విద్యామహాసభ జరిగింది. ఏదైనా ఒక ఉత్పాదకమైన చేతిపని చుట్టూ చదువును అల్లవలెనని అక్కడ తీర్మానించారు. దాని పాఠ్యక్రమం తయారుచేసే భారం డాక్టర్ జాకీర్ హుస్సేన్ గారి సంఘానికి అప్పగించారు. ఆయన మన హైదరాబాదులోనే 1897లో పుట్టినవారు. 1967లో రాష్ట్రపతి అయినారు. ఆ సంఘంవారు వేసిన పట్టికలో బడి రోజుకు 5 గంటల 30 నిమిషాలు. అందులో చేతిపనికి 3 గంటల 20 నిమిషాలు! మాతృభాషకు 40 నిమిషాలు. చేతిపనికి వారిచ్చిన పెద్దపీట దీనినిబట్టి తెలుస్తుంది.

అయితే ఆ నివేదికలో మనకిక్కడ అన్నిటికంటె ముఖ్యమైనది ఉపాధ్యాయుల శిక్షణ. పూర్తి శిక్షణకు 3 సంవత్సరాలు కావాలన్నారు. వెంటనే బడులు తెరవవలసి ఉన్నది గనుక అత్యవసరంగా 1 సంవత్సరపు శిక్షణ కూడ పెట్టారు. మేష్టరుకు పని రావడమొక్కటే చాలదు; నూలు వడుకుతూ వడుకుతూ లెక్కలు, భూగోళం, చరిత్ర పిల్లలకు పట్టుబడేటట్లు చెప్పగలగాలి. ఇది ఎంత కష్టమో ఊహించండి! పనివానికి పాఠం చెప్పడం రాదు, పాఠం చెప్పేవానికి పని రాదు. ఆ రెండిటినీ ఒక్క మనిషిలో కలపడమే శిక్షణ. ఈ పథకం 1938లో హరిపురా కాంగ్రెసు ఆమోదం పొంది, ఎన్నో రాష్ట్రాలలో అమలులోకి వచ్చి, చివరకు నీరసించిపోయింది. కారణాలు అనేకం. కాని చాలాచోట్ల రాట్నాలు వచ్చినవి, తగిన మేష్టర్లు రాలేదన్నది వాటిలో పెద్ద కారణమని మా అభిప్రాయం.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఇదే సమస్య హైస్కూళ్ల ముందుకు వచ్చింది. 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యా కమిషనుకు డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియారుగారు అధ్యక్షులు. ఆయన జన్మస్థలం కర్నూలు. హైస్కూలు విద్యార్థి ప్రతివాడూ ఒక చేతిపని నేర్చుకోవాలనీ, సాంకేతికం, వ్యవసాయం, వాణిజ్యం, గృహవిజ్ఞానం మొదలైన శాఖలు గల బహుళార్థసాధక పాఠశాలలు నెలకొల్పాలనీ వారు సలహా ఇచ్చారు. బడులు వెలిసినవి. మరి సాంకేతిక శాఖలో పాఠం చెప్పేదెవరు? ఇంజనీరు బడికి రాడు. వచ్చినా పిల్లల మనసు తెలియదు.

అందుకని 1963లో అజ్మీరు, భోపాలు, భువనేశ్వరం, మైసూరు పట్టణాలలో ప్రాంతీయ విద్యా కళాశాలలు స్థాపించారు. మహారాష్ట్ర భోపాలు కళాశాల పరిధిలోనిది; ఆంధ్ర, తెలంగాణా ప్రాంతాలు మైసూరు పరిధిలోనివి. సాంకేతిక విషయాన్నీ, బోధననూ కలిపి నాలుగేండ్లపాటు నేర్పే చదువు అక్కడ పెట్టారు. ఇంజనీరింగు ముగించి ఆ పైన బోధన నేర్చుకోవడం కాక, రెండూ ఒకే పడుగుపేకగా నేయడం దాని ఉద్దేశ్యం. పక్కనే అభ్యాస పాఠశాల కూడ ఉండేది. ఎంతో దూరదృష్టిగల యోచన! కాని బహుళార్థసాధక పాఠశాలలే వెనుకబడేసరికి, ఆ సాంకేతికోపాధ్యాయుల చదువు కూడ తరువాతి కాలంలో ఆగిపోయింది. కళాశాలలు నేటికీ ఉన్నవి. అభ్యాస పాఠశాలల పేరులో "బహుళార్థసాధక" అన్న మాట కూడ నిలిచే ఉన్నది.

మహారాష్ట్రలోనే ఇంకొక ప్రయత్నం మాత్రం నిలదొక్కుకున్నది. డాక్టర్ ఎస్. ఎస్. కల్బాగ్ గారు హిందుస్తాన్ లీవరు పరిశోధనాలయంలో పెద్ద ఉద్యోగం విడిచి, 1983లో పూణే జిల్లా పాబళ్ గ్రామంలో విజ్ఞాన ఆశ్రమం స్థాపించారు. అక్కడ రూపొందిన "ప్రాథమిక సాంకేతిక పరిచయం" అనే పాఠం 8, 9, 10 తరగతులకు రాష్ట్ర బోర్డు ఆమోదం పొందింది. వారానికి ఒక రోజు దానికి కేటాయింపు. ఇంజనీరింగు పని, శక్తి - పరిసరాలు, గృహం - ఆరోగ్యం, వ్యవసాయం - పశుపోషణ అని నాలుగు భాగాలు. పిల్లలు ఉత్తుత్తి నమూనాలు చేయరు. ఊరివారికి నిజంగా పనికివచ్చే వస్తువులూ సేవలూ అందిస్తారు. అతుకు సరిగా పడకపోతే మేష్టరు మార్కులు తగ్గించేలోపే, వాడుకునేవాడే చెప్తాడు. కల్బాగ్ గారు 2003లో కాలం చేసినా ఆశ్రమం పని సాగుతూనే ఉన్నది.

ఇక పాఠం చెప్పడంలో ఉన్న నేర్పు ఎటువంటిదో మన చంద్రపూరు వెదురుతోనే ఒక ఉదాహరణ చెప్తాము. తరగతిలో నలభైమంది పిల్లలు. చేయవలసినది కలాలు పెట్టుకునే గొట్టం. పని వచ్చినవాడు అయిదు నిమిషాలలో కోసి చూపుతాడు, పిల్లలు చప్పట్లు కొడతారు, పాఠం అయిపోతుంది. ఎవరికీ ఏమీ రాదు. శిక్షణ పొందిన మేష్టరు అట్లా చేయడు. ముందు కలం కొలవమంటాడు. గొట్టం మరీ పొట్టిదయితే కలం పడుతుంది, మరీ పొడుగయితే అందదు, ఎంత ఉండాలి? పిల్లలనే బొమ్మ గీసి కొలతలు వేయమంటాడు. అడుగు మూత ఎక్కడినుంచి తేవాలి? ఒక పిల్ల కణుపు చూపిస్తుంది. కణుపుకు కింద కోస్తే అడుగు దానంతట అదే వస్తుంది! రంపం చివరి పోటుకు వెదురు పీచులు లేస్తాయి గనుక, కోసేచోట దారం బిగించి, వెదురును తిప్పుతూ కోయాలి. కోసిన అంచు కత్తిలా తెగుతుంది గనుక గరుకు కాగితంతో రుద్దాలి. వెదురుకు పుచ్చు ఎందుకు పడుతుంది? లోపలి పిండి పదార్థం కోసం పురుగు వస్తుంది. మన పూర్వులు వెదురును వారాల తరబడి నీటిలో ఎందుకు నానవేశారో అప్పుడు పిల్లలకు బోధపడుతుంది. ఒక్క గొట్టంలో లెక్క, చిత్రలేఖనం, శాస్త్రం, జాగ్రత్త అన్నీ వచ్చినవి. నలభైమందికి పది రంపాలే ఉంటే ఎవరు ఎప్పుడు కోయాలి, మిగిలినవారు అంతలో ఏమి చేయాలి అన్నది కూడ మేష్టరు ముందు రోజు రాత్రే వ్రాసుకోవాలి. ఇదంతా పుట్టుకతో రాదు, నేర్చుకుంటేనే వస్తుంది.

నేర్చుకోవడానికి నేడున్న దారులేవి? ఐ.టి.ఐ. గాని, డిప్లొమా గాని ముగించినవారికి క్రాఫ్టు ఇన్‌స్ట్రక్టరు శిక్షణ అని ఏడాది చదువున్నది. జాతీయ నైపుణ్య శిక్షణా సంస్థలలో అది చెప్తారు. ముంబయిలోనూ, హైదరాబాదులోనూ అటువంటి సంస్థలున్నవి. తన వృత్తిని మరింత లోతుగా నేర్చుకోవడంతోపాటు, పాఠం పథకం వేయడం, పని చూపించడం, పరీక్షించడం అందులో భాగం. ఇది ప్రధానంగా ఐ.టి.ఐ. బోధకులను తయారుచేసే చదువని గుర్తుంచుకోవాలి. డిగ్రీ అయినవారికి రెండేండ్ల బి.ఎడ్. ఉన్నది, దానికి చేతిపని అనుభవాన్ని ఎవరికివారే జతచేసుకోవాలి. వెదురుపనిపై మక్కువగలవారికి చంద్రపూరు పక్కనే చిచ్‌పల్లిలో వెదురు పరిశోధన, శిక్షణ కేంద్రం ఉన్నది.

దారి పూలబాట అని మేము చెప్పబోము. హైస్కూళ్లలో వృత్తివిద్య బోధకులను అనేక రాష్ట్రాలలో ఒప్పందం మీద తీసుకుంటున్నారు. జీతం, భద్రత మిగిలిన మేష్టర్లతో సమానంగా ఉండవు. చేరేముందు నియామకపు షరతులు స్పష్టంగా విచారించుకోవాలి. ఇంకొక మాట. ఇక్కడ బడులలో చెప్పవలసినది ఎక్కువగా మరాఠీలో. ఇంట్లో మనం చిత్రిక అన్నది తరగతిలో రంధా, మన ఉలి అక్కడ పటాశీ, మన సుత్తి హాతోడా. రెండు భాషలలోనూ పనిముట్ల పేర్లు తెలిసిన మన పిల్లలకు ఇది లోటు కాదు, లాభమే.

కాలం కూడ తిరుగుతున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానం ప్రకారం 6 మొదలు 8వ తరగతి వరకు పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివారి దగ్గర పని నేర్చుకోవాలి. స్థానికంగా పేరున్న పనివారిని బోధకులుగా బడికి పిలవవచ్చుననీ అందులో ఉన్నది. 2024లో 6వ తరగతికి "కౌశల్ బోధ్" అనే పుస్తకం కూడ జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలివారు వెలువరించారు. అంటే 1937లో వార్ధాలో అడిగిన ప్రశ్ననే దేశం మళ్లీ అడుగుతున్నది. పుస్తకం అచ్చయింది, విధానం వచ్చింది, మేష్టరు ఏడీ?

ఆ మేష్టరు మన ఇండ్లలోనే ఉండవచ్చు. గనిలో ముప్పయి ఏండ్లు ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెదనాన్నగారు, చాట అల్లడంలో చేయి తిరిగిన అత్తయ్యగారు పది రోజుల పాఠానికి బడికి వెళ్లగలరు. తల్లిదండ్రులు ఆ మాట బడి పెద్దలతో కదపాలి. డిప్లొమా ముగించి ఏ కర్మాగారం నుంచి పిలుపు వస్తుందా అని ఎదురుచూస్తున్న అబ్బాయిలూ, అమ్మాయిలూ ఈ శిక్షణ సంగతి విచారించాలి. వారు నోరు తెరచి అడిగిననాడు, "మేష్టరు ఉద్యోగమే, అందులోనూ చేతిపనా?" అని మాత్రం అనవద్దు. ఆ చేతిపనే ఇన్నాళ్లూ ఈ ఊళ్లో మనకు అన్నం పెట్టింది. దానిని పదిమంది పిల్లలకు చెప్పగలగడం అంతకంటె పెద్ద చదువు.